చీకటి సన్నివేశాలున్న సినిమాలకు డిస్కు కొనాలా, ఓటీటీ చాలా? ఇటీవలి హారర్, మిస్టరీ విడుదలలపై సలహా కావాలి

నిశాచరి (ఫ్రిస్కో, టెక్సాస్):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఈమధ్యే పాత టీవీ తీసేసి ఓఎల్ఈడీ టీవీ పెట్టుకున్నాము, దానితోపాటు 4కె (మామూలు హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలున్న చిత్రం) డిస్కులు ఆడే ప్లేయర్ కూడా కొన్నాము. నాకు హారర్ సినిమాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. మా వారికి దయ్యాలంటే నవ్వులాట. అయితే హత్య ఎవరు చేశారో చివరిదాకా తేలని సినిమా పెడితే మాత్రం అన్నం మాట మరిచిపోయి కూర్చుంటారు. కాబట్టి కొనే డిస్కులు ఇద్దరికీ పనికివచ్చేలా ఉండాలని ఒక ఒప్పందానికి వచ్చాము.

నా సందేహం ఇది. రాబర్ట్ ఎగర్స్ తీసిన ‘నోస్‌ఫెరాటు’ను ఓటీటీలో చూసినప్పుడు, కోటలో జరిగే రాత్రి దృశ్యాల్లో మంట చుట్టూ ఉన్న వెలుగు మెల్లగా చీకట్లో కలిసిపోవలసింది పోయి, మెట్లు మెట్లుగా విడిపోయి కనిపించింది. గోడ మీది నీడ అంచులు గళ్ళుగళ్ళుగా కదిలాయి. భయపడవలసిన చోట టీవీ పాడయిందేమోనని కంగారు పడ్డాను. డిస్కులో ఈ బాధ ఉండదని కొందరు మిత్రులు అంటున్నారు. కానీ కొత్త 4కె డిస్కు ఒక్కొక్కటి పాతిక నుంచి ముప్పై అయిదు డాలర్ల దాకా ఉంటోంది. నెలనెలా ఓటీటీలకు కడుతూనే ఉన్నాము కదా, ఉన్నదాన్నే మళ్ళీ కొనడం దండగ కాదా అని మా వారి వాదన.

నేను రాసి పెట్టుకున్న పేర్లు ఇవి: 2025 ఫిబ్రవరిలో డిస్కుగా వచ్చిన ‘నోస్‌ఫెరాటు’, జులైలో వచ్చిన ‘సిన్నర్స్’, అక్టోబరులో వచ్చిన ‘వెపన్స్’. మా వారి వైపు నుంచి 2025 జనవరిలో వచ్చిన ‘సెవెన్’ 4కె, అంతకు కొన్ని నెలల ముందు, 2024 అక్టోబరులో వచ్చిన ‘జోడియాక్’ 4కె. వీటిలో డబ్బు పెట్టదగినవి ఏవి, ఓటీటీలో చూసి ఊరుకోదగినవి ఏవి? పాత సినిమాల కొత్త విడుదలల్లో నాకు తెలియనివి ఏమైనా ఉంటే అవి కూడా చెప్పగలరు.

పాతరీలు:

నిశాచరి గారూ, మీ టీవీకి ఏ జబ్బూ లేదు. 4కె ప్రసారం చూడటానికి సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ తన వినియోగదారులకు చెబుతుంది. 100 జీబీల 4కె డిస్కుకు ప్రమాణాల్లో పెట్టిన గరిష్ఠ పరిమితి సెకనుకు 128 మెగాబిట్లు. డిస్కు ఎప్పుడూ ఆ గరిష్ఠాన్ని తాకుతుందని కాదు గానీ, ఆ వెసులుబాటు దానికి ఉంది. ప్రసారం కోసం చిత్రాన్ని కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట సమాచారాన్ని తగ్గించక తప్పదు. అది మొదట చేయి వేసేది ప్రేక్షకుడి కంటికి అంతగా ఆనదని తాను లెక్కవేసుకున్న చోట, అంటే నలుపులోకి జారే నీడల మీద, ఫిల్మ్‌కు సహజంగా ఉండే గ్రెయిన్ (సన్నటి ఇసుక రేణువుల్లాంటి చుక్కలు) మీద. హారర్ సినిమా బతికేదంతా సరిగ్గా అక్కడే. హాస్యచిత్రానికో కుటుంబ కథకో ఈ కోత వల్ల కలిగే నష్టం దాదాపు తెలియదు.

మీ జాబితాలో మొదటి మూడింటినీ ఒకే గాట కట్టను. ‘నోస్‌ఫెరాటు’ను జారిన్ బ్లాష్కే 35 ఎంఎం ఫిల్మ్ మీద చిత్రీకరించారు. వెన్నెల దృశ్యాల్లో ఎరుపు, పసుపు రంగులు దాదాపు లేకుండా చేసి, నలుపు తెలుపులకు కొంచెం నీలం అద్దినట్టు తీశారు. అలాంటి చిత్రంలో నలుపుకీ ముదురు బూడిదకీ మధ్య ఉన్న అంతరువులు పోతే మిగిలేది ఏమీ లేదు. ఇది నిస్సందేహంగా కొనదగిన డిస్కు. థియేటర్ వెర్షన్ కంటే నాలుగు నిమిషాలు ఎక్కువున్న వెర్షన్ కూడా అందులో ఉంది. ఆ నాలుగు నిమిషాల కోసమే అయితే మాత్రం కొనవద్దంటాను. కథలో అవి పెద్ద తేడా తేవు.

‘సిన్నర్స్’ విషయంలో కారణం వేరు. ర్యాన్ కూగ్లర్ ఈ సినిమాను రెండు పెద్ద ఫార్మాట్లు కలిపి తీశారు: ఒకటి ఐమాక్స్ ఫిల్మ్, రెండోది అల్ట్రా పానావిజన్ 70. రెండోదాని చట్రం వెడల్పు ఎత్తుకు 2.76 రెట్లు, అంటే ఇంటి టీవీ మీద పైనా కిందా బాగా మందమైన నల్ల పట్టీలతో సన్నటి పొడవాటి బొమ్మ. డిస్కులో ఐమాక్స్ దృశ్యం వచ్చినప్పుడల్లా ఆ పట్టీలు తొలగి బొమ్మ తెర మొత్తాన్ని నింపుతుంది. 1932 నాటి మిసిసిపీలో పాటల కొట్టంలాంటి చోట సంగీతం ఊపందుకునే దృశ్యం దగ్గర ఈ మార్పు ఏం చేస్తుందో చూస్తే, ఛాయాగ్రాహకురాలు ఆటమ్ డ్యూరాల్డ్ ఆర్కపా ప్రతి దృశ్యానికీ ఏ ఫార్మాట్ వాడాలో ఎంత ఆలోచించి ఉంటారో తెలుస్తుంది. ఐమాక్స్ ఫిల్మ్ మీద కథాచిత్రం తీసిన మొదటి మహిళ ఆవిడే. ధ్వని కూడా డిస్కు వైపే మొగ్గుతుంది. ఓటీటీలో అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే ధ్వని పద్ధతి) వినిపించినా అది కుదించిన ధ్వని. డిస్కులో కుదింపు నష్టం లేని ట్రాక్ ఉంటుంది. మీ ఇంట్లో టీవీకి ఉన్న స్పీకర్లే వాడుతున్నట్లయితే ఈ చివరి వాక్యం లెక్కలోకి తీసుకోకండి.

‘వెపన్స్’ మంచి సినిమా, ఒక తరగతిలోని పదిహేడుగురు పిల్లలు ఒకే రాత్రి తెల్లవారుజామున 2:17కి ఇళ్ళలోంచి పరుగెత్తి మాయమైపోవడంతో మొదలవుతుంది, మీ ఇద్దరికీ నచ్చుతుంది. కానీ దాని బలం చిత్రణలో కంటే కథ చెప్పిన తీరులో ఉంది. ధర తగ్గేదాకా ఆగవచ్చు.

కొనే ముందు ఒక్క సంగతి తెలుసుకోండి: ఆ సినిమాను దేనితో తీశారు? డిస్కు మీద 4కె అని ముద్ర వేసినంత మాత్రాన లేని వివరం పుట్టదు. డానీ బాయిల్ 2002లో ‘28 డేస్ లేటర్’ సినిమాలో అధికభాగాన్ని చిన్న డీవీ టేపుల కెమెరాతో తీశారు. లండన్‌లో నిర్మానుష్యమైన ఒక వంతెన మీద నాయకుడు నడిచే దృశ్యం ఎంత పెద్ద తెర మీద వేసినా ఆ మసక అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ కూడా ఇంతే. హై8 వీడియో, 16 ఎంఎం ఫిల్మ్ కలిపి తీసిన సినిమా అది. బ్రిటన్‌కు చెందిన సెకండ్ సైట్ సంస్థ 2024 చివర్లో దాన్ని తిరిగి విడుదల చేసినప్పుడు 4కె జోలికి పోకుండా, దానికి ముందు తరం హెచ్‌డీ డిస్కు అయిన మామూలు బ్లూరేగానే తెచ్చింది. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

పాత సినిమాల్లో మీరు తప్పక చూడవలసినది 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ ప్రకటన వేయడం పంపిణీదారులు మరిచారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఫలితంగా దశాబ్దాల పాటు దొరికిన ప్రతివాడూ దొరికిన ప్రింటు నుంచి ఒక కాపీ తీసి అమ్ముకున్నాడు. ఇప్పటికీ రెండు మూడు డాలర్లకు దొరికే డిస్కుల్లో కనిపించేది ఆ కాపీల కాపీలే. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు కెమెరా నెగెటివ్ నుంచి దాన్ని పునరుద్ధరించాయి. క్రైటీరియన్ సంస్థ 2018లో బ్లూరేగా, 2022లో 4కెగా తెచ్చింది. నలుపు తెలుపుల్లో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో చిల్లర డబ్బుతో తీసిన సినిమా అంత స్ఫుటంగా ఉండగలదని ఆ డిస్కు వచ్చేదాకా చాలామంది నమ్మలేదు.

సాక్షి:

పాతరీలు గారు హారర్ వైపు అంతా చెప్పేశారు కాబట్టి నేను మీ వారి పక్షాన నాలుగు మాటలు రాస్తాను.

‘జోడియాక్’ విషయంలో తొందరపడకండి. డేవిడ్ ఫించర్ దీన్ని 2007లో చాలావరకు వైపర్ అనే డిజిటల్ కెమెరాతో తీశారు. ఆ కెమెరా పట్టింది 1080 గీతల చిత్రమే. కాబట్టి 4కె డిస్కులో పెరిగిన గీతలన్నీ తర్వాత పెంచినవే. రంగులోనూ వెలుగులోనూ కొంత మెరుగు ఉంటుంది తప్ప పాత బ్లూరే ఉన్నవారికి అదేమంత అవసరం కాదు. ఎలాగూ తీసుకుంటే థియేటర్ వెర్షన్ కంటే దాదాపు అయిదు నిమిషాలు ఎక్కువున్న దర్శకుడి వెర్షన్ ఉన్న డిస్కు తీసుకోండి. అందులో ఒకచోట తెరంతా నల్లగా ఉంచి, గడిచిన సంవత్సరాలను రేడియో వార్తలు, పాటల ముక్కలతో వినిపిస్తారు. నేరం జరిగిన కాలానికీ, దాన్ని పట్టుకుని వదలని మనిషి జీవితానికీ మధ్య పెరిగిన దూరాన్ని ఏ సంభాషణా లేకుండా చెప్పిన చోటు అది.

‘సెవెన్’ అలా కాదు. అది 1995లో ఫిల్మ్ మీద తీసినది. కొత్త డిస్కు కోసం నెగెటివ్‌ను స్కాన్ చేసి ఫించర్ స్వయంగా దగ్గరుండి చేయించారు. ఎడతెగని వాన, టార్చి లైట్లు తప్ప వెలుతురు లేని గదులు, ముదురు ఆకుపచ్చ గోడలు, అన్నీ పాత బ్లూరేలో ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తాయి. అయితే కొన్ని షాట్లలో చిన్నచిన్న డిజిటల్ సవరణలు చేశామని ఆయనే చెప్పారు, దాని మీద అభిమానుల్లో పెద్ద చర్చే జరిగింది. దర్శకుడు బతికి ఉండి తన సినిమాను తానే దిద్దుకుంటే తప్పేమిటని కొందరు, 1995లో మేము చూసినది మాకు ఇవ్వండి చాలునని మరికొందరు. నేను రెండో పక్షం. అలాగని ఈ డిస్కు వద్దనను. ఆ సవరణలు వెతికితే తప్ప కనబడవు. 2024లో వచ్చిన ‘ఏలియన్స్’ 4కెతో పోలిస్తే ఇది ఎంతో నయం. అక్కడ గ్రెయిన్ తుడిచిపెట్టి ముఖాలను మైనపు బొమ్మల్లా నున్నగా చేసిపెట్టారు.

నా అసలు సిఫార్సు మీ జాబితాలో లేదు. బాంగ్ జూన్ హో 2003లో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’, క్రైటీరియన్ 2021లో తెచ్చిన బ్లూరే. దక్షిణ కొరియాలోని హ్వాసంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు వరుసగా జరిగిన స్త్రీల హత్యల ఆధారంగా తీసిన సినిమా ఇది. సినిమా తీసేనాటికి హంతకుడెవరో తెలియదు. ఆ తెలియకపోవడమే సినిమాకు ప్రాణం. పల్లెటూరి పోలీసులు కాలువ గట్టున దొరికిన సాక్ష్యం పాడవుతూ ఉంటే చేతులు పిసుక్కోవడం, జనం గుమిగూడి అడుగుల గుర్తులు తొక్కేయడం, ఒక ట్రాక్టరు వచ్చి మిగిలిన ఒక్క గుర్తునూ చెరిపేయడం చూస్తుంటే మన వైపు పల్లెల్లో ఇలాంటిది జరిగితే ఇంతకంటే భిన్నంగా ఏమీ ఉండదనిపిస్తుంది. 2019లో డీఎన్ఏ పరీక్షల ద్వారా అసలు నేరస్థుడు బయటపడ్డాడు. మరొక హత్యకు అతను అప్పటికే ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. ఈ డిస్కులో బాంగ్ ఆ విషయం గురించి మాట్లాడిన కొత్త ఇంటర్వ్యూ ఉంది. సినిమా ముందు చూడండి, ఇంటర్వ్యూ తర్వాత. వరుస తప్పితే చివరి దృశ్యం దెబ్బతింటుంది. ఓటీటీలో సినిమా దొరికినా ఈ ఇంటర్వ్యూ దొరకకపోవచ్చు, నా దృష్టిలో మిస్టరీ డిస్కు కొనడానికి ఉన్న బలమైన కారణం ఇదే.

సోఫా రాజు:

మర్యాదగానే విభేదిస్తున్నాను. ఇక్కడ చెప్పిన లెక్కలన్నీ నిజమే, కానీ నిశాచరి గారు చెప్పిన మెట్లు మెట్ల వెలుగులో సగం దోషం టీవీ సెట్టింగులది అయి ఉండవచ్చు. కొత్త టీవీ పెట్టెలోంచి తీసినప్పుడు షోరూములో మెరిసేలా అమర్చిన పిక్చర్ మోడ్‌లో ఉంటుంది. ముందు దాన్ని ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో సినిమా మోడ్‌కో మార్చండి, కదలికలను నున్నగా చేసే సదుపాయాన్ని పూర్తిగా ఆపేయండి, గదిలో దీపాలు ఆర్పండి. ఆ తర్వాత కూడా అలాగే కనిపిస్తే అప్పుడు డిస్కు మాట ఆలోచించవచ్చు.

రెండో మాట. మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే బ్లూరేలు, కొన్నిచోట్ల 4కె డిస్కులు కూడా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మిస్టరీ సినిమాలకు అయితే ఇంతకంటే మంచి మార్గం లేదు. హంతకుడెవరో తెలిసిపోయాక ఆ డిస్కు అటక ఎక్కక తప్పదు, మళ్ళీ ఎవరు చూస్తారు? మా ఇంట్లో మా అబ్బాయి సగం సినిమా చూసి లేచిపోయి, ముగింపు నన్ను అడిగి తెలుసుకుంటాడు.

సాక్షి:

సోఫా రాజు గారూ, సెట్టింగుల గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ముగింపు తెలిస్తే అయిపోయే మిస్టరీ మొదటిసారి చూడటానికి కూడా పెద్దగా పనికిరాదు. వంశీ గారి ‘అన్వేషణ’ 1985లో వచ్చింది. అడవిలో చావులకు కారణం పులేనా అన్న ప్రశ్నకు జవాబు తెలిసిన తర్వాత కూడా ఎంతమంది ఇప్పటికీ దాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తున్నారో మీకు తెలుసు. రెండోసారి చూసేటప్పుడు మనం వెతికేది హంతకుడిని కాదు, దర్శకుడు మనల్ని ఎక్కడ పక్కదారి పట్టించాడో ఆ చోటుని. ఇళయరాజా నేపథ్య సంగీతం ఎవరి మీద అనుమానం వచ్చేలా ఏ క్షణంలో మొదలవుతుందో గమనిస్తూ చూడండి ఒకసారి.

నిశాచరి:

అందరికీ ధన్యవాదాలు. సోఫా రాజు గారు చెప్పినట్టు టీవీ మోడ్ మార్చి చూశాను. కదలికల్లో ఉన్న కృత్రిమత్వం పోయింది, మంట చుట్టూ మెట్లు తగ్గాయి గానీ పోలేదు. ‘నోస్‌ఫెరాటు’, ‘సెవెన్’ కొంటున్నాను; ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ మా లైబ్రరీలో ఉందో లేదో వెతుకుతాను.

ఇంకొక ప్రశ్న. సంక్రాంతికి విజయవాడ వెళ్తున్నాము. మా తమ్ముడికి కూడా ఇవే ఇష్టాలు, వాడి దగ్గర ఇండియాలో కొన్న బ్లూరే ప్లేయర్ ఉంది. ఇక్కడినుంచి డిస్కులు తీసుకువెళ్తే అక్కడ ఆడతాయా? అసలు మన దగ్గర ఇప్పుడు ఇలాంటి డిస్కులు దొరుకుతున్నాయా?

బెజవాడ బాబాయ్:

అమ్మాయ్, విజయవాడ అన్నావు కాబట్టి నేను చెప్పడమే న్యాయం.

ముందు ఆడతాయా లేదా అన్న సంగతి. బ్లూరేలకు ప్రపంచాన్ని మూడు రీజియన్లుగా విభజించారు, ఒక రీజియన్ డిస్కు మరో రీజియన్ ప్లేయర్‌లో ఆడకుండా తాళం వేయవచ్చు. అమెరికా, జపాన్, కొరియా రీజియన్ ఎ. ఐరోపా, ఆస్ట్రేలియా రీజియన్ బి. మన దేశం చైనా, రష్యాలతోపాటు రీజియన్ సి. డీవీడీలైతే మనది అయిదో రీజియన్, అమెరికాది ఒకటోది. కాబట్టి అమెరికా బ్లూరే మీ తమ్ముడి ప్లేయర్‌లో ఆడకపోయే అవకాశం ఉంది. పెద్ద స్టూడియోలు చాలా బ్లూరేలకు ఈ తాళం వేయవు, అవి ఇక్కడ హాయిగా ఆడతాయి. చిన్న సంస్థలు తాము హక్కులు కొనుక్కున్న దేశం వరకే పరిమితం కావాలి కనుక తరచూ తాళం వేస్తాయి. క్రైటీరియన్ బ్లూరే అయితే రీజియన్ ఎ అనే అనుకుని కదలాలి. 4కె డిస్కులకు రీజియన్ అనేదే లేదు, ఏ దేశంలో కొన్నా ఏ దేశపు 4కె ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. కానీ మామూలు బ్లూరే ప్లేయర్ 4కె డిస్కును చదవలేదు, అది గుర్తుంచుకోవాలి. 4కె ప్యాక్‌లో తోడుగా బ్లూరే డిస్కు కూడా పెట్టి ఇచ్చేవి కొన్ని ఉంటాయి, అటువంటిది తెస్తే వాడికి ఇప్పటికి బ్లూరే, రేపు ప్లేయర్ మారితే 4కె. పోనీ అక్కడి ప్లేయరే ఒకటి తెచ్చిపెడదామనుకుంటే వెనక అచ్చువేసిన వోల్టేజీ చూడు. 120 మాత్రమే రాసి ఉంటే ఇక్కడ ప్లగ్గు పెట్టిన మరుక్షణం పొగ వస్తుంది.

దొరకడం మాట అంటావా, ఆ రోజులు పోయాయి. 2007 ప్రాంతాల్లో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మినప్పుడు కిరాణా కొట్లో కూడా సినిమా డిస్కులు వేలాడేవి. అంత చవకగా ఇచ్చి దొంగ సీడీలను దెబ్బకొట్టాలని వాళ్ళ ఆలోచన. తర్వాత యూట్యూబ్, ఓటీటీలు వచ్చి అసలు సీడీలనూ దొంగ సీడీలనూ కలిపి తుడిచిపెట్టాయి. ఇప్పుడు మన హారర్, మిస్టరీ సినిమాల పుట్టుక, నివాసం రెండూ ఓటీటీలోనే. ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీలో విడుదలై, అక్కడ జనం మెచ్చుకుంటే 2023లో రెండో భాగం థియేటర్లకు వచ్చింది. ‘మసూద’, ‘విరూపాక్ష’ థియేటర్లలో బాగా ఆడిన సినిమాలే. వాటిని మళ్ళీ చూడాలంటే నెలచందా కట్టాలి, ఆ ఓటీటీతో ఒప్పందం ఉన్నంతకాలమే అవి అక్కడ ఉంటాయి. ‘విరూపాక్ష’లో రుద్రవనం ఊరి రాత్రి దృశ్యాలు థియేటర్లో చూసి, తర్వాత ఫోనులో చూసినవాళ్ళకు నిశాచరి చెప్పిన బాధ ఏమిటో బాగా తెలుసు.

ఇందులో నాకు కడుపుమంట ఏమిటంటే, మన దేశపు భయానక చిత్రాలను భద్రంగా డిస్కు చేసే పని కూడా బయటివాళ్ళే చేస్తున్నారు. రామ్సే సోదరులు 1984లో తీసిన ‘పురానా మందిర్’ అప్పట్లో ఎంత పెద్ద హిట్టో హిందీ సినిమాలు చూసే మా తరానికి గుర్తే. ఆ సినిమానూ, ‘వీరానా’, ‘బంద్ దర్వాజా’ లాంటి వాళ్ళ మరికొన్ని సినిమాలనూ కలిపి బ్లూరే పెట్టెగా తెచ్చినది మోండో మకాబ్రో అనే విదేశీ సంస్థ. పొగ, ఎర్ర దీపాలు, రబ్బరు ముఖాల దయ్యం, మధ్యలో కథతో సంబంధం లేని హాస్యం, అన్నీ ఉంటాయి. నవ్వుకుంటూనే చూస్తాము, కానీ అవి మన దయ్యాలు. రామ్‌గోపాల్‌వర్మ 1992లో తెలుగు, హిందీల్లో తీసిన ‘రాత్రి’ని నెగెటివ్ నుంచి శుభ్రంగా స్కాన్ చేసి, ఆ ఇంటి నేలమాళిగ కింద వినిపించే శబ్దాలను తీసిన తీరులోనే వినిపించే డిస్కు వస్తే నేను రెండు కొంటాను. ఒకటి మీ తమ్ముడికి.

పాతరీలు:

బాబాయ్ గారు రీజియన్ల సంగతి చెప్పాక నిశాచరి గారికి ఒక పేరు చేర్చాలనిపించింది, ఎందుకంటే అది మిస్టరీ, హారర్ రెండూ కలిసిన సినిమా. మీ ఇంటి ఒప్పందానికి ఇంతకంటే సరిపోయేది నాకు తోచడం లేదు. 1973 నాటి బ్రిటిష్ చిత్రం ‘ది వికర్ మ్యాన్’. తప్పిపోయిన ఒక బాలికను వెతుక్కుంటూ స్కాట్లాండ్ దగ్గరి దీవికి ఒక పోలీసు సార్జెంట్ వెళ్తాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా అలాంటి పిల్లే లేదంటారు. సినిమాలో చాలా భాగం పట్టపగలు, పాటల మధ్య, పచ్చని తోటల్లో జరుగుతుంది, అయినా వెన్ను వణుకుతుంది.

దీని డిస్కుల వెనక ఉన్న కథే ఒక మిస్టరీ. విడుదలకు ముందే సినిమాను బాగా కత్తిరించారు, కత్తిరించిన అసలు నెగెటివ్ ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. రోడ్డు నిర్మాణంలో పూడ్చిన చెత్తతోపాటు అదీ పోయిందని ఒక పుకారు ఇప్పటికీ ఉంది. పొడవైన వెర్షన్ ఒకటి అమెరికాలో నిర్మాత రోజర్ కార్మన్‌కు పంపిన ప్రింటు పుణ్యాన వీడియో టేపు రూపంలో మిగిలింది. హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికిన మరొక ప్రింటు ఆధారంగా 2013లో దర్శకుడు రాబిన్ హార్డీ ఆమోదంతో ‘ఫైనల్ కట్’ వచ్చింది. 2023లో యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా స్టూడియోకెనాల్ సంస్థ తెచ్చిన 4కె సెట్‌లో మూడు వెర్షన్లూ ఉన్నాయి. చేర్చిన దృశ్యాలు వచ్చినప్పుడు బొమ్మ నాణ్యత పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది, అది డిస్కు లోపం కాదు. ఆ ముక్కలకు అంతకంటే మంచి మూలం లేదు. మొదటిసారి ఫైనల్ కట్ చూడండి.

అయితే అది బ్రిటన్ విడుదల. బాబాయ్ గారు చెప్పినట్టు 4కె డిస్కులు మీ ప్లేయర్‌లోనూ ఆడతాయి, కానీ అదే పెట్టెలో ఉండే మామూలు బ్లూరేలకు రీజియన్ బి తాళం ఉండవచ్చు. అదనపు విశేషాలలో చాలా భాగం వాటిలోనే ఉంటుంది. మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడేది కాకపోతే, ఆర్డరు పెట్టేముందు మీకు కావలసిన వెర్షన్ 4కె డిస్కు మీద ఉందో, బ్లూరే మీద ఉందో పెట్టె వెనక వివరాల్లో చూసుకోండి.